ఎత్తుకుంటే ఏడ్చే బిడ్డకు తల చదును కాకుండా చూసుకోవడం ఎలా?

పసిబిడ్డ తల వెనకభాగం కాస్త చదునుగా మారుతోందని ఎవరితో అన్నా వచ్చే సలహా ఒకటే: "ఎప్పుడూ పక్క మీదే ఉంచకండి, ఎక్కువసేపు ఎత్తుకోండి." చాలామందికి అది సరిపోతుంది కూడా. కానీ కొందరు పిల్లలు ఎత్తుకోనివ్వరు. భుజాన వేసుకుంటే వెనక్కి విరుచుకుంటారు, చేతుల్లో బిగుసుకుపోతారు, గుక్కపెట్టి ఏడుస్తారు. కింద పడుకోబెట్టగానే ఊరుకుని పైకప్పు చూస్తూ కాళ్లు ఆడిస్తారు. అలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో ఈ సలహా వల్ల టెన్షన్ పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఏడుస్తున్నా సరే ఎత్తుకోవాలా? హాయిగా ఉంది కదా అని వదిలేస్తే తల అలాగే ఉండిపోతుందా? రోజంతా ఇదే మథనం.

తలలో ఒకే చోట రోజుకు ఎన్ని గంటలు బరువు పడుతోందన్నదే ఇక్కడ లెక్క. ఎత్తుకోవడం ఆ గంటలు తగ్గించే దారుల్లో ఒకటి మాత్రమే. మిగతా దారుల్లో చాలావాటికి బిడ్డను గుండెలకు హత్తుకోవాల్సిన పనే లేదు.

తల ఎందుకు చదును అవుతుంది

పుట్టినప్పుడు పుర్రె ఒకే గట్టి ఎముక కాదు. కొన్ని పలకలు, వాటి మధ్య మెత్తటి అతుకులు, పైన మాడు. కాన్పు సమయంలో తల ఒదిగి బయటికి రావడానికీ, తర్వాత మెదడు పెరగడానికీ ఈ ఏర్పాటు. ఆ పెరుగుదల మొదటి నెలల్లో చాలా వేగంగా ఉంటుంది. పుట్టినప్పుడు సుమారు 35 సెంటీమీటర్లున్న తల చుట్టుకొలత మొదటి 3 నెలలూ నెలకు దాదాపు 2 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది. తర్వాతి 3 నెలల్లో నెలకు 1 సెంటీమీటరు, ఆపైన అర సెంటీమీటరు. అంటే ఏడాది మొత్తం పెరుగుదలలో సగం మొదటి 3 నెలల్లోనే అయిపోతుంది.

మెదడు లోపలినుంచి అన్ని వైపులా సమానంగా తోస్తుంది. ఎక్కడ పరుపు అడ్డుపడుతుందో అక్కడ ఎముక బయటికి రాలేదు, కాబట్టి పెరుగుదల పక్కలకు మళ్లుతుంది. ఇక్కడ చాలామంది భయపడే విషయం ఒకటుంది. తల చదునుగా ఉన్నంత మాత్రాన లోపల మెదడు నలిగిపోదు. దానికి కావలసిన చోటు పక్కనుంచి దొరుకుతుంది, మారేది ఆకారమే. చేత్తో నొక్కి ఆ ఆకారాన్ని సరిచేయాలని చూడటం మాత్రం వద్దు. దానివల్ల ఉపయోగం లేదు, బిడ్డకు నొప్పి, ప్రమాదం.

ఇదే వేగం మనకు అనుకూలించే విషయం కూడా. చదును త్వరగా వచ్చే నెలల్లోనే, బరువు తప్పిస్తే త్వరగా సర్దుకుంటుంది కూడా. 4 నెలల లోపు పెట్టిన శ్రద్ధకు దక్కే ఫలితం ఏడాది నిండాక ఎంత కష్టపడినా దక్కదు.

వెల్లకిలా నిద్ర విషయంలో బేరం లేదు

1990ల ముందుతో పోలిస్తే ఇప్పుడు తల చదును ఎక్కువగా కనిపించడానికి ఒక మంచి కారణమే ఉంది. నిద్రలో ఉన్నట్టుండి పసిపిల్లలు చనిపోవడానికీ, బోర్లా పడుకోబెట్టడానికీ సంబంధం ఉందని తేలాక, 1991లో బ్రిటన్, 1992లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ బోర్లా పడుకోబెట్టవద్దని చెప్పాయి. 1994లో అమెరికాలో 'బ్యాక్ టు స్లీప్' ప్రచారం మొదలైంది. తర్వాతి సంవత్సరాల్లో అలాంటి మరణాలు సగానికి సగం తగ్గాయి. వెల్లకిలా పడుకునే పిల్లలు పెరిగినకొద్దీ చదును తలలతో వచ్చే పిల్లలూ పెరిగారు.

తల గుండ్రంగా ఉండాలని రాత్రిపూట బోర్లా గానీ, పక్కకు తిప్పి గానీ పడుకోబెట్టడం ఏ లెక్కన చూసినా తప్పే. పక్కకు పడుకోబెట్టిన బిడ్డ బోర్లాకు దొర్లిపోవచ్చు. తల ఆకారం సర్దుకునే విషయం, ఆగిన ఊపిరి అలాంటిది కాదు. కాబట్టి నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే, గట్టి పరుపు మీదే, దిండు లేకుండానే.

దిండు అన్నాను కాబట్టి చెప్పాలి. మధ్యలో గుంటతో 'తల గుండ్రంగా చేసే దిండు' అని అమ్మేవాటిని వాడొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2022 నవంబరులో తల్లిదండ్రులను హెచ్చరించింది. వాటివల్ల మేలు జరుగుతుందని రుజువు లేదు, ఊపిరాడకపోయే ప్రమాదం మాత్రం ఉంది. ఎంత మెత్తగా, ఎంత ముద్దుగా కనిపించినా కొనకండి.

మెడ సంగతి ముందు చూడండి

చదును రెండు రకాలుగా వస్తుంది. వెనకభాగం మొత్తం సమంగా చదునై తల వెడల్పుగా కనిపించడం ఒకటి. ఒకవైపే చదునై, అటువైపు చెవి, నుదురు కాస్త ముందుకు జరిగినట్టు కనిపించడం రెండోది. ఈ రెండోది ఎక్కువ. కెనడాలోని క్యాల్గరీలో 7 నుంచి 12 వారాల పిల్లలు 440 మందిని పరీక్షిస్తే 46.6 శాతం మందిలో ఎంతోకొంత చదును కనిపించింది. వారిలో దాదాపు 63 శాతం మందికి అది కుడివైపే. అయితే నాలుగింట మూడొంతుల మందికి పైగా చదును స్వల్పమే. 2013లో ప్రచురితమైన ఈ అధ్యయనం చూస్తే సమస్య ఎంత మామూలుదో, ఎక్కువమందిలో ఎంత చిన్నదో రెండూ అర్థమవుతాయి.

ఒకవైపు చదును ఉందంటే బిడ్డ ఎప్పుడూ అటే తల తిప్పుతోందని అర్థం. ఒకసారి చదును ఏర్పడ్డాక తల దానంతటదే అటువైపే వాలుతుంది, చదును ఇంకా పెరుగుతుంది. దీని వెనక చాలాసార్లు మెడ కండరం ఒకవైపు బిగుసుకుపోవడం ఉంటుంది. డాక్టర్లు టోర్టికాలిస్ అంటారు. ఇంట్లోనే గమనించవచ్చు. బిడ్డ మెలకువగా, హుషారుగా ఉన్నప్పుడు మీ ముఖం చూపిస్తూ మెల్లగా ఒక పక్కనుంచి రెండో పక్కకు జరగండి. గడ్డం రెండు భుజాల వైపూ ఒకేలా తిరుగుతోందా, ఒకవైపు సగంలో ఆగి కళ్లు మాత్రమే వెంట వస్తున్నాయా? ఒక రొమ్ము హాయిగా తాగి రెండోదాని దగ్గర పేచీ పెడుతోందా?

ఎత్తుకోనివ్వకపోవడానికీ దీనికీ నేరుగా సంబంధం ఉండొచ్చు. బిగిసిన కండరం సాగేలా ఎత్తుకుంటే బిడ్డకు ఇబ్బందే. ఎడమ భుజం మీద ఏడ్చి, కుడి భుజం మీద ఊరుకుంటే దాన్ని పెంకితనం అనుకోకుండా బిడ్డ మెడను డాక్టర్‌కు చూపించాలి.

ఎందుకు ఎత్తుకోనివ్వదు?

"మా బిడ్డకు ఎత్తుకోవడం ఇష్టం లేదు" అని ముడి వేసేసే ముందు ఎప్పుడు, ఎలా ఎత్తుకుంటే ఏడుస్తోందో రెండు మూడు రోజులు గమనించండి. కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. పాలు తాగిన కాసేపటికి, ఒళ్లో అడ్డంగా పడుకోబెట్టినప్పుడు విరుచుకుంటే పాలు పైకి ఎగదన్నుతున్నాయేమో చూడాలి. చేతులు రెండూ బిగించి హత్తుకుంటే తోసేసే పిల్లలకు ఆ బిగువు, ఆ వేడి గిట్టకపోవచ్చు. సాయంత్రాలే ఎక్కువైతే రోజంతటి వెలుతురు, మాటలు, చేతులు మారడం వల్ల అలసట కావచ్చు. మామూలు పిల్లల్లో కూడా ఏడుపు 6 వారాల దగ్గర తారస్థాయికి చేరి, తర్వాత తగ్గుతుంది. ఆ వారాల్లో చూసింది బిడ్డ స్వభావమని తీర్మానించుకోకండి. ఈ ఒక్క లక్షణాన్ని పట్టుకుని ఆటిజమేమో అని రాత్రంతా ఫోన్‌లో వెతకడం కూడా వద్దు. ఈ వయసులో ఈ ఒక్కదానితో ఎవరూ అలా నిర్ణయించలేరు.

వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. ఇంతవరకు ఎత్తుకుంటే ఊరుకునే బిడ్డ ఉన్నట్టుండి ఎత్తితే ఎక్కువ ఏడుస్తూ, కదపకుండా వదిలేస్తే ఊరుకుంటే అది పెద్ద హెచ్చరిక. దానికి తోడు జ్వరం, మాడు ఉబ్బడం, మత్తుగా ఉండటం, పాలు తాగకపోవడం ఏది కనిపించినా ఎమర్జెన్సీకే వెళ్లాలి, మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకి ఉండొచ్చు. 3 నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం ఉంటే ఇంకే లక్షణం లేకపోయినా అదే రోజు చూపించాలి. చంకల కింద చేతులు పెట్టి లేపితేనే ఏడుస్తూ, ఒక చేయి తక్కువగా కదిలిస్తుంటే కాన్పులో కాలర్ ఎముక విరిగిందేమో, ఆ చేతి నరాలకు దెబ్బ తగిలిందేమో చూస్తారు. ఎత్తుకున్నా ఎత్తుకోకపోయినా ఒళ్లంతా బిగుసుకుని ఉండటం, 3 నెలలు దాటినా పిడికిళ్లు ఎప్పుడూ మూసే ఉండటం కూడా చెప్పాల్సిన విషయాలే.

ఎత్తే పద్ధతి మారిస్తే

పరుపు మీద వెల్లకిలా ఉన్న బిడ్డను నేరుగా పైకి లేపితే తల క్షణంపాటు వెనక్కి వాలుతుంది. వెంటనే ఉలిక్కిపడి రెండు చేతులూ విప్పార్చి ఏడుస్తుంది. ఇది పుట్టుకతో వచ్చే ప్రతిచర్య. అంటే ఎత్తుకోకముందే ఏడుపు మొదలైపోయింది, ఆ తర్వాత ఎంత బుజ్జగించినా దాన్ని చల్లార్చడమే పని. బదులుగా ముందు అరచేయి ఛాతీ మీద ఉంచి కొన్ని క్షణాలు ఆగండి. మెల్లగా పక్కకు దొర్లించండి. రెండో చేయి తల కింద, మెడ కింద చేరాక ఆ పక్కవాటం మీదనే పైకి తీసుకోండి. దించేటప్పుడూ అంతే, ముందు పిరుదులు, తర్వాత పక్క, చివరగా తల. ఒకరోజు కుడివైపు నుంచి, మరోరోజు ఎడమవైపు నుంచి దొర్లిస్తే మెడకు రెండు వైపులా పని దొరుకుతుంది.

ఎదురొమ్ముకు హత్తుకుంటే నచ్చని బిడ్డ వేరే భంగిమల్ని ఒప్పుకోవచ్చు. ముంజేతి మీద బోర్లా వేసుకోండి. చెంప మోచేతి మడత దగ్గర, కాళ్లు చేతికి అటూ ఇటూ, మీ అరచేయి బిడ్డ పొట్ట కింద. గ్యాస్‌తో బాధపడే పిల్లలకు ఇది చాలాసార్లు నచ్చుతుంది, తల వెనకభాగం మీద ఏమీ పడదు. ముఖం బయటికి ఉండేలా వీపు మీ ఛాతీకి ఆనించి, గడ్డం కిందికి వంగిపోకుండా పట్టుకోవడం ఇంకొకటి. కూర్చుని పట్టుకుంటే విసుక్కునే బిడ్డ మీరు లేచి నడవగానే ఊరుకోవచ్చు. ఏది ఒప్పుకున్నా అది ఒక నిమిషమైనా చాలు, ఏడుపు మొదలయ్యేలోపు దించేయండి. బలవంతంగా పట్టుకుని పది నిమిషాలు ఏడిపించడం కన్నా ఒప్పుకున్న నిమిషమే విలువైనదని నా నమ్మకం. ఎత్తితే ఏడుపే అన్న ముద్ర బిడ్డలో పడిపోతే రేపటి ప్రయత్నం ఇంకా కష్టమవుతుంది.

నేల మీదే అసలు పని

ఎత్తుకోనివ్వని బిడ్డకు అందరికన్నా ఎక్కువ కావలసింది టమ్మీ టైమ్. మెలకువగా ఉన్నప్పుడు, పక్కన పెద్దవాళ్లు చూస్తుండగా బోర్లా వేయడమే ఇది. తల వెనక భారం పూర్తిగా పోతుంది, మెడ, భుజాలు గట్టిపడతాయి. మెడ త్వరగా నిలిపిన బిడ్డ తల తనే తిప్పుకుంటుంది కాబట్టి రాత్రి వెల్లకిలా పడుకున్నా ఒకేచోట బరువు ఉండిపోదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ లెక్క ప్రకారం రోజుకు రెండు మూడుసార్లు, 3 నుంచి 5 నిమిషాల చొప్పున మొదలుపెట్టి 7 వారాలకల్లా మొత్తం 15 నుంచి 30 నిమిషాలకు చేరాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల్లో ఇంకా పాకని పిల్లలకు రోజు మొత్తమ్మీద కనీసం 30 నిమిషాలు అంది.

ఒకేసారి అరగంట అనుకుని భయపడొద్దు. డైపర్ మార్చిన ప్రతిసారీ 2 నిమిషాలు బోర్లా వేస్తే, రోజుకు 8 సార్లకు 16 నిమిషాలు. పాలు తాగిన వెంటనే మాత్రం వద్దు. చాలామంది పిల్లలు మొదట్లో ముఖం పరుపుకు ఆనించి ఏడుస్తారు. తల ఎత్తలేకపోవడమే కారణం. చిన్న తువ్వాలును చుట్టగా చుట్టి ఛాతీ కింద, చంకల దగ్గర పెట్టండి. మోచేతులు చుట్టకు ముందుకు రావాలి. ఇప్పుడు పిరుదుల మీద అరచేయి పెట్టి తేలిగ్గా నొక్కి ఉంచండి. బరువు నడుం వైపు జరుగుతుంది, తల లేపడం సులువవుతుంది. మీరు కూడా నేల మీద బోర్లా పడుకుని మీ ముఖాన్ని బిడ్డ ముఖం ఎదురుగా, అదే ఎత్తులో పెట్టండి. తల ఒక్క అంగుళం లేచి మీ కళ్లలోకి చూసిందంటే ఆ పూటకు పని జరిగినట్టే. నేల మీద అస్సలు ఒప్పుకోకపోతే మీ తొడల మీద అడ్డంగా బోర్లా వేసి మోకాళ్లు మెల్లగా ఊపండి.

బోర్లా కాకపోతే పక్కకు. వీపు వెనక తువ్వాలు చుట్ట ఆనించి, రెండు చేతులూ ముందు కలిసేలా పడుకోబెడితే పిల్లలు తమ వేళ్లు చూసుకుంటూ కాసేపు ఆడుకుంటారు. ఇదీ మెలకువలోనే, మీరు చూస్తుండగానే. ఎందులోనైనా నిద్రపోతే వెంటనే తువ్వాలు తీసేసి వెల్లకిలా మార్చాలి.

బౌన్సర్లు, ఊయల కుర్చీలు, కారు సీట్లు ఎత్తుకోనివ్వని బిడ్డ ఉన్నవాళ్లకు వరంలా కనిపిస్తాయి. కానీ వాటిలోనూ తల వెనకభాగమే ఆనుతుంది, పైగా తల ముందుకు వాలి ఊపిరికి అడ్డం పడొచ్చు. కారు సీటు ప్రయాణానికే. మిగతావి కొద్దిసేపటికే, నిద్రకు అసలే కాదు.

నిద్రలో చేయగలిగింది

పిల్లలు వెలుతురు, మనుషులు ఉన్నవైపు తల తిప్పుతారు. పడక గోడ పక్కన ఉంటే గోడవైపు చూడరు. కాబట్టి ఈ రాత్రి తల ఒక కొసన, రేపు రెండో కొసన ఉంచండి. బిడ్డ ఇష్టపడే దృశ్యం రోజు మార్చి రోజు రెండో వైపుకు వస్తుంది. గాఢనిద్రలోకి జారాక తలను చదును లేని వైపుకు మెల్లగా తిప్పవచ్చు, తిరిగి వెనక్కి వచ్చేస్తే పట్టుబట్టకండి. సీసాతో పాలు పట్టేవాళ్లు చేయి మారుస్తూ ఉండాలి. తల్లిపాల బిడ్డకు ఆ మార్పు దానంతటదే జరుగుతుంది. సీసా ఎప్పుడూ కుడిచేత్తోనే పడితే బిడ్డ రోజంతా ఒకేవైపు చూస్తూ తాగుతుంది.

ఇప్పటికే చదును కనిపిస్తుంటే

జుట్టు ఆకారాన్ని కప్పేస్తుంది. స్నానం చేయించాక, జుట్టు తడిగా ఉన్నప్పుడు తలను పైనుంచి చూడండి. రెండు వారాలకోసారి అదే కోణంలో ఒక ఫోటో తీసిపెట్టుకుంటే పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది. రోజూ అదేపనిగా చూస్తూ కూర్చుంటే తేడా ఏదీ తెలియదు.

న్యూజిలాండ్‌లో కొందరు పిల్లల్ని రెండేళ్ల వరకు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, చదును 6 వారాల వయసులో 16 శాతం మందికి, 4 నెలలకు 19.7 శాతం మందికి ఉంది. ఏడాదికి 6.8 శాతానికి, రెండేళ్లకు 3.3 శాతానికి తగ్గిపోయింది. మెడ నిలిపి, బోర్లాపడి, కూర్చునే కొద్దీ తల మీద భారం తగ్గుతుంది కాబట్టి ఇది ఊహించదగినదే. మెడ బిగుతు ఉంటే మాత్రం అలా వదిలేయకూడదు. పిల్లల ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి త్వరగా వెళ్లడం వల్ల తీవ్రమైన చదును తగ్గుతుందని 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు.

తల ఆకారం సరిచేయడానికి పిల్లలకు పెట్టే హెల్మెట్ విషయంలో వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. నెదర్లాండ్స్‌లోనే 84 మంది పిల్లలతో చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో, హెల్మెట్ పెట్టినవారికీ పెట్టనివారికీ రెండేళ్ల వయసులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పూర్తిగా సర్దుకున్నవారు హెల్మెట్ పెట్టినవారిలో 26 శాతం, పెట్టనివారిలో 23 శాతం. మరీ తీవ్రమైన చదును ఉన్నవారిని ఆ పరీక్షలో చేర్చుకోలేదు. మరోవైపు అమెరికా న్యూరోసర్జన్ల 2016 మార్గదర్శకాలు, భంగిమలు మార్చి, ఫిజియోథెరపీ చేసినా తగ్గని మధ్యస్థ, తీవ్ర చదునుకు హెల్మెట్ సూచించాయి. రోజుకు 23 గంటలు పెట్టుకోవాల్సిన వస్తువది, చెమట, దురద తప్పవు. తాకితేనే చిరాకుపడే బిడ్డకు అది చిన్న శిక్ష కాదు. అందుకే ఇలాంటి బిడ్డకు మొదటి 4 నెలల్లో నేల మీద గడిపే నిమిషాలకే నేను ఎక్కువ విలువిస్తాను.

ఒక్క సందర్భంలో వేచి చూడటం పొరపాటు. పుర్రె అతుకులు ముందే మూసుకుపోయే జబ్బు సుమారు 2,000 నుంచి 2,500 కాన్పుల్లో ఒకరికి వస్తుంది. పుట్టినప్పటి నుంచే ఆకారం వేరుగా ఉండి, భంగిమలు మార్చినా పెరుగుతూ పోవడం, అతుకు మీద గట్టి గీతలా ఎముక తగలడం, మాడు మరీ త్వరగా మూసుకోవడం దాని గుర్తులు. చదును ఉన్నవైపు చెవి ముందుకు కాకుండా వెనక్కి జరిగి ఉండటం కూడా అనుమానించదగ్గదే. కొన్ని రకాల ఆపరేషన్లు మొదటి నెలల్లోనే బాగా కుదురుతాయి కాబట్టి అనుమానం వస్తే తదుపరి టీకా రోజు దాకా ఆగొద్దు.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ఫోటోలు తీసుకెళ్లండి. ఎలా ఎత్తితే ఏడుస్తోందో, ఏ వైపు తల తిప్పదో చెప్పండి. తల చుట్టుకొలతతో పాటు మెడ కదలిక, చేతులు కాళ్ల బిగువు, బోర్లా వేస్తే తల ఎంత లేపుతోందో కూడా చూడమని అడగండి. చదును తల ఉన్న కొందరు పిల్లల్లో కదలికలు కాస్త ఆలస్యమవుతున్నట్టు అధ్యయనాల్లో కనిపించింది. దానికి తల ఆకారమే కారణమని ఎవరూ రుజువు చేయలేదు. తక్కువగా కదిలే బిడ్డకు తల చదును అవడానికీ ఎక్కువ వీలుంటుంది, కాబట్టి ఆ పరీక్షలో కదలికలు చూడటం కూడా ఉండాలి.